తేటనీరు సాక్ష్యం కాదు

కొత్త అక్వేరియంలో చేపల్ని ఎప్పుడు వదలాలి? జహీరాబాద్‌లో నలుగురిని అడిగితే నాలుగు జవాబులు వస్తాయి. నీళ్లు నింపి ఒక్క రోజు ఆగితే చాలంటారు ఒకరు. మూడు రోజులు ఫిల్టర్ ఆడించి, నీలి మందు నాలుగు చుక్కలు, గుప్పెడు ఉప్పు వేసి వదిలేయమంటారు ఇంకొకరు. నీళ్లు తేటపడేదాకా ఆగమనేది మూడో మాట. నెల రోజులు ముట్టుకోవద్దనేది కాస్త చదువుకున్నవాళ్ల మాట. వీటిలో చివరిదే నిజానికి దగ్గర. అయినా అది కూడా పూర్తిగా నిలబడదు. ఆహారం గానీ, అమ్మోనియా గానీ ఏదీ పడకుండా నెల రోజులు ఉత్త నీళ్లు తిప్పిన తొట్టి ముప్పయ్యో రోజున కూడా మొదటి రోజు ఉన్నట్టే ఉంటుంది.

తొట్టి సిద్ధమైన సంగతి తేదీని చూసి చెప్పలేం, కంటితో చూసీ చెప్పలేం. చేపలు రోజూ విడిచే విషాన్ని ఆ తొట్టి ఒక్క రోజులో పూర్తిగా విరిచేస్తోందా అన్నదే అసలు పరీక్ష. మిగతా గుర్తులన్నీ ఆ పరీక్ష ముందు ఎంతవరకు నిలుస్తాయో ఇక్కడ చూద్దాం. జహీరాబాద్ నీళ్లు, జహీరాబాద్ చలి ఇందులో ఎక్కడ అడ్డం పడతాయో కూడా చూద్దాం. అవి గట్టిగానే అడ్డం పడతాయి.

చేప తిన్న మాంసకృత్తుల్లోని నత్రజని ఎక్కువభాగం మొప్పల గుండా అమ్మోనియాగా బయటికి వస్తుంది. తినకుండా అడుగున కుళ్లే మేత కూడా అమ్మోనియానే ఇస్తుంది. నీళ్లలో అది రెండు రూపాల్లో ఉంటుంది. అమ్మోనియం అయాన్ అంత ప్రమాదకరం కాదు. స్వేచ్ఛగా ఉండే అమ్మోనియా మొప్పల్ని కాల్చేస్తుంది. ఏది ఎంత ఉంటుందన్నది పీహెచ్ నిర్ణయిస్తుంది. 25 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉంటే మొత్తంలో విషరూపం అర శాతం పైచిలుకు. పీహెచ్ 8కి చేరితే 5 శాతం దాటుతుంది. అంటే అమ్మోనియా రీడింగ్ ఒకటే అయినా ఒక ఇంట్లో చేపలు బతుకుతాయి, పక్కింట్లో చస్తాయి. ‘మా తొట్టిలో రెండో రోజే వదిలాం, ఏమీ కాలేదు’ అనే అనుభవాన్ని అందరికీ సూత్రంగా చెప్పకూడదనడానికి ఈ ఒక్క లెక్క చాలు.

అమ్మోనియాను కొన్ని సూక్ష్మజీవులు నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. రక్తంలోకి చేరి హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయనివ్వదు. మొప్పలు గోధుమరంగుకు తిరుగుతాయి, చేప పైకొచ్చి నోరు తెరుస్తూ ఉంటుంది. ఆ నైట్రైట్‌ను మరికొన్ని సూక్ష్మజీవులు నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్‌ను చేపలు చాలామేరకు తట్టుకుంటాయి. వారానికోసారి కొన్ని నీళ్లు మారిస్తే అది అదుపులో ఉంటుంది. ఈ రెండంచెల పని చేసే జీవులు ఫిల్టర్ స్పాంజిలో, గులకరాళ్ల మీద, అద్దం మీద పల్చని పొరగా అంటుకుని బతుకుతాయి. నీళ్లలో తేలేవి చాలా తక్కువ. కాబట్టి పాత తొట్టిలోంచి బకెట్ నీళ్లు తెచ్చి పోసినంత మాత్రాన కొత్తది సిద్ధం కాదు.

ఈ సంగతి మనుషులకు తెలిసిన తీరులోనే ఇవాళ్టి ప్రశ్నలకు సగం జవాబులున్నాయి. 1877లో ఫ్రాన్స్‌లో థియోఫీల్ ష్లేసింగ్, అకీల్ మ్యూంట్జ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టంలోంచి మురుగునీటిని మెల్లగా వదిలారు. ఇరవై రోజులపాటు అమ్మోనియా పోసింది పోసినట్టే కిందికొచ్చింది. ఆ తర్వాత అది తగ్గి, నైట్రేట్ రావడం మొదలైంది. గొట్టంలోకి క్లోరోఫాం పంపితే పని ఆగిపోయింది. క్లోరోఫాం కడిగేసి కాస్త తాజా మట్టి కలిపిన నీళ్లు పోస్తే మళ్లీ సాగింది. జరుగుతున్నది ప్రాణమున్న జీవుల పని అని అలా తేలింది. కొత్త ఫిల్టర్ గురించి తెలుసుకోవలసిన మూడు సంగతులూ ఆ గొట్టంలోనే ఉన్నాయి: ఆ జీవులు పెరగడానికి వారాలు పడుతుంది, మందు పడితే ఆగిపోతాయి, పని చేస్తున్న చోటి నుంచి కాస్త తెచ్చి కలిపితే త్వరగా అందుకుంటాయి.

ఇంగ్లండ్‌లో ఇదే కథలో ఒక తండ్రీకొడుకులున్నారు. తండ్రి రాబర్ట్ వారింగ్టన్ లండన్‌లో గాజుపాత్రలో బంగారు చేపల్ని, వాలిస్నేరియా మొక్కల్ని, నత్తల్ని కలిపి పెంచి, నీళ్లు మార్చకుండానే అవి ఒకదాన్నొకటి పోషించుకోగలవని 1850లో ప్రకటించారు. అక్వేరియం అనే ఆలోచనకు పునాది వేసినవారిలో ఆయనొకరు. అదే పేరున్న కొడుకు రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేస్తూ, అమ్మోనియా నైట్రేట్ అయ్యే క్రమం రెండు వేర్వేరు అంచెల్లో జరుగుతుందని చూపించారు. తండ్రి తొట్టి ఎందుకు నిలబడిందో కొడుకు పరిశోధన కొంతవరకు వివరించింది. 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ ఆ బాక్టీరియాను విడిగా పెంచగలిగారు.

తర్వాత వందేళ్లు పుస్తకాలన్నీ రెండు పేర్లే చెప్పాయి: నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్. 1998లో టిమోతీ హొవానెక్ బృందం మంచినీటి అక్వేరియాల్లో నైట్రైట్‌ను మార్చేది నైట్రోబాక్టర్ కాదని, నైట్రోస్పైరా అని చూపించింది. 2011లో కెనడా పరిశోధకులు చాలా అక్వేరియం ఫిల్టర్లలో అమ్మోనియా పని ఎక్కువగా ఆర్కియా అనే వేరే జాతి జీవులు చేస్తున్నాయని తేల్చారు. 2015లో రెండంచెల పనినీ ఒక్కటే చేసేసే నైట్రోస్పైరా రకం బయటపడింది. దాన్ని కనుక్కున్న రెండు బృందాల్లో ఒకదానికి అది దొరికింది చేపల పెంపకం తొట్టి ఫిల్టర్‌లోనే. ఇన్నిసార్లు పేర్లు మారినా తొట్టి సిద్ధమైందో లేదో చూసే పరీక్ష మారలేదు. సీసా మీద ఏ బాక్టీరియా పేరుందని కాక, నీళ్లలో ఏం జరుగుతోందని చూడాలనడానికి నాకు ఇంతకంటే మంచి కారణం కనబడదు.

ఇక మన ఊరి నీళ్ల సంగతి. జహీరాబాద్ ప్రాంతంలో సాధారణంగా రెండు రకాల నీళ్లు వాడతాం. ఒకటి మంజీర మీది సింగూరు జలాశయం నుంచి వచ్చే మిషన్ భగీరథ నీళ్లు. రెండోది బోరు నీళ్లు. భగీరథ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. తాగునీటి ప్రమాణాల ప్రకారం కొళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. తాగేవాళ్లకు అది రక్ష. చేప మొప్పలకు, ఫిల్టర్‌లోని జీవులకు మాత్రం హాని. వెడల్పు పాత్రలో ఒక రోజు తెరిచి ఉంచితే, లేదా ఎయిర్ పంపుతో గాలి కొట్టిస్తే, ఈ క్లోరిన్ ఎగిరిపోతుంది. తొందరుంటే యాంటీ క్లోరిన్ చుక్కలున్నాయి. ‘ఒక్క రోజు ఆగితే చాలు’ అనే సలహా ఇక్కడి నుంచే పుట్టింది. క్లోరిన్ మటుకు ఒక్క రోజు చాలు. అమ్మోనియాకు ఆ రోజు లెక్కలోకి రాదు.

బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు కాబట్టి నేరుగా పోసేయొచ్చని చాలామంది అనుకుంటారు. భూమి లోపలి నుంచి వచ్చిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉండొచ్చు. ఒక రోజు గాలి కొట్టించాకే పీహెచ్ చూడాలి. అప్పుడే పట్టిన నీళ్ల పీహెచ్‌కూ, మర్నాటి పీహెచ్‌కూ తేడా ఉంటుంది. మన ఎర్ర లేటరైట్ పొరల్లోంచి వచ్చే నీళ్లలో ఖనిజ లవణాలు సాధారణంగా తక్కువ. కింద నల్లరాతి పొరల్లోంచి వచ్చే నీళ్లలో కాల్షియం, బైకార్బొనేట్ ఎక్కువ. బోరు లోతును బట్టి ఒకే వీధిలో రెండిళ్ల నీళ్లు రెండు రకాలుగా ఉండవచ్చు. బైకార్బొనేట్ ఇక్కడ చిన్న విషయం కాదు. అమ్మోనియాను మార్చేటప్పుడు ఆ జీవులు ఆమ్లాన్ని విడుస్తాయి, దాన్ని విరిచేది బైకార్బొనేటే. అది అయిపోతే పీహెచ్ జారి, 6 దగ్గరికొచ్చేసరికి పని దాదాపు ఆగిపోతుంది. అందుకే ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లు, ఇంట్లోని ఆర్వో ఫిల్టర్ నీళ్లు తెచ్చి తొట్టి నింపడం మంచిది కాదంటాను. మనకు అవి శుభ్రమైనవే. ఫిల్టర్‌లోని జీవులకు కావలసినంత బైకార్బొనేట్ మాత్రం వాటిలో ఉండదు.

బోరు నీళ్లలో మరో చిక్కుంది, దాన్ని పెద్దగా ఎవరూ చెప్పరు. చెరకు, అల్లం, ఆలుగడ్డ సాగయ్యే ప్రాంతం మనది. ఎరువులు వేసే నేలల కింది నీళ్లలో నైట్రేట్ ముందే ఉండొచ్చు. తాగునీటికే లీటరుకు 45 మిల్లీగ్రాముల దాకా ప్రమాణం అనుమతిస్తుంది. నైట్రేట్ కనబడితే తొట్టి సిద్ధమైనట్టేనని పుస్తకాలు రాస్తాయి. మన బోరు నీళ్లతో మొదటి రోజే నైట్రేట్ కనబడవచ్చు, అది ఫిల్టర్ చేసిన పని కాదు. కాబట్టి తొట్టిలో పోయకముందే ఆ నీళ్లను ఒకసారి పరీక్షించి అంకె రాసిపెట్టుకోండి. ఆ తర్వాత పెరిగినదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. జల్ జీవన్ మిషన్ కింద ఊళ్లలో మహిళలకు శిక్షణ ఇచ్చి నీటి పరీక్ష కిట్లు ఇచ్చారు. మీ ఊళ్లో అలాంటి కిట్ ఉంటే మొదటి రోజు చూడవలసిన నైట్రేట్, కాఠిన్యం, పీహెచ్ అక్కడే చూపించుకోవచ్చు.

చలి సంగతి మరీ ముఖ్యం. తెలంగాణలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదైన చోట్ల జాబితాలో డిసెంబరు, జనవరి వచ్చిందంటే కోహిర్, న్యాల్కల్, ఝరాసంగం పేర్లు కనబడతాయి. జహీరాబాద్ వాటి మధ్యనే ఉంది. ఈ జీవులు హాయిగా పెరిగేది 25 నుంచి 30 డిగ్రీల మధ్య. తొట్టి నీళ్లు 18కి దిగితే వాటి వేగం సగానికి దగ్గరగా పడిపోతుంది. 10 దగ్గర మరీ మందగిస్తాయి. మామూలుగానే ఇవి నెమ్మదివి. పాలు విరగ్గొట్టే రకం బాక్టీరియా అరగంటలో రెట్టింపైతే వీటికి అర రోజు మొదలు రెండు రోజుల దాకా పడుతుంది. జూన్‌లో నాలుగైదు వారాల్లో అయిపోయే పని డిసెంబరులో హీటర్ లేకుండా రెండు నెలలు దాటవచ్చు. హైదరాబాద్‌లో ఎవరో నెలన్నారని ఇక్కడ చలికాలంలో నెలకే చేపలు వదిలితే, క్యాలెండర్ సరిపోయినా తొట్టి సిద్ధమై ఉండదు. హీటర్‌ను చేపల కోసం కొంటారు గానీ, చేపలు రాకముందే దాని అవసరం ఎక్కువ.

పరీక్ష ఎలా పెట్టాలో ఇక వివరంగా చెబుతాను. మన దగ్గర ఎక్కువగా కొనేది రెండడుగుల తొట్టి. అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అనుకుంటే రాళ్లు పోగా సుమారు 50 లీటర్ల నీళ్లు. అమ్మోనియా కోసం అమ్మోనియం క్లోరైడ్ వాడొచ్చు. కళాయి పూసేవాళ్ల దగ్గర ఉండే నవాసారం ఇదే. కానీ బజారు సరుకులో కల్తీ ఉంటుంది. ప్రయోగశాలల సామాను అమ్మేచోట శుద్ధమైనది తెచ్చుకోవడం మేలు. పది గ్రాములు లీటరు నీళ్లలో కరిగించి, సీసా మీద పేరు రాసి, పిల్లలకు అందకుండా పెట్టండి. అందులోంచి 30 మిల్లీలీటర్లు తొట్టిలో పోస్తే అమ్మోనియా లీటరుకు 2 మిల్లీగ్రాములకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. రోజు విడిచి రోజు చుక్కల మందు కిట్‌తో చూడండి. అమ్మోనియా సున్నాకు వచ్చినప్పుడల్లా మళ్లీ అంతే పోయండి.

చాలా కిట్లలో అమ్మోనియా గొట్టం పసుపుగా ఉంటే సున్నా, ఆకుపచ్చ ముదిరేకొద్దీ ఎక్కువ. మొదటి రోజుల్లో ఆ ఆకుపచ్చ కదలదు. రెండో వారంలోనో మూడో వారంలోనో పలచబడుతుంది. సరిగ్గా అప్పుడే నైట్రైట్ గొట్టం లేత నీలం నుంచి ముదురు ఊదాకు ఎక్కుతుంది. అమ్మోనియా పోయిందని సంబరపడి చేపలు కొనేది చాలామంది ఇక్కడే. ఇంకా సగం పనే అయింది. ఆ ఊదా రంగు రెండు మూడు వారాలు అలాగే నిలిచిపోయి విసుగు పుట్టిస్తుంది. అది కిట్‌తో వచ్చిన రంగుల కార్డు దాటిపోయేంత ముదిరితే సగం నీళ్లు మార్చండి, మళ్లీ అమ్మోనియా పోయడం నాలుగు రోజులు ఆపండి. తర్వాత ఒక రోజు ఉన్నట్టుండి ఊదా పోయి నీలం వస్తుంది. నైట్రేట్ కిట్‌లో రెండో సీసాను అర నిమిషం గట్టిగా కుదపాలి. అడుగున పేరుకున్న పొడి కలవకపోతే ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది.

చివరి పరీక్ష ఇది. రాత్రి 2 మిల్లీగ్రాముల మోతాదు పోయండి. మర్నాడు అదే వేళకు అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా ఉండాలి. మోతాదుకు లీటరుకు 7 మిల్లీగ్రాముల చొప్పున నైట్రేట్ పెరగాలి. వరసగా రెండు రోజులు ఇలా వస్తే తొట్టి సిద్ధం. ఆ ఒక్క మోతాదును మార్చడానికి ఎంత ఆక్సిజన్ కావాలో తెలుసా? లీటరుకు దాదాపు ఏడున్నర మిల్లీగ్రాములు. సముద్రమట్టానికి 600 మీటర్ల ఎత్తున్న మన ఊళ్లో, 27 డిగ్రీల నీళ్లలో ఒకసారికి కరిగి ఉండగలిగే ఆక్సిజన్ అంతా కలిపితే అంతే. గాలి పైనుంచి వచ్చి కలుస్తూ ఉంటేనే పని సాగుతుంది. ఎయిర్ పంపును రాత్రి చప్పుడని ఆపేసే ఇళ్లలో తొట్టి వారాల తరబడి ఎదగకపోవడానికి ఇదీ ఒక కారణం. కరెంటు పోతుంటే బ్యాటరీ పంపు పెట్టుకోవాలి.

కంటికి కనబడే గుర్తుల్లో నేను దేన్నీ నమ్మను. మొదటి వారంలో నీళ్లు పాలు కలిపినట్టు మసకబారితే అది కుళ్లును తినే వేరే బాక్టీరియా విజృంభణ. తర్వాత తేటపడటం వాటి తిండి అయిపోయినందుకే. అద్దం మీద గోధుమ పొర వస్తే అది డయాటమ్ నాచు. కొత్త తొట్లలో తరచూ వస్తుంది. అదీ ఏమీ రుజువు చేయదు. ముక్కుకు వినెగర్ వాసన తగిలితే మాత్రం అద్దాలు అతికించిన సిలికాన్ ఇంకా ఆరలేదని అర్థం, నీళ్లే పోయకండి.

త్వరపెట్టే మార్గాల్లో నిజంగా పనిచేసేది ఒకటుంది: ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టిలోని ఫిల్టర్ స్పాంజి ముక్క. పాలకు తోడు వేసినట్టే ఇది. గోరువెచ్చదనం లేకపోతే తోడు వేసినా పెరుగు తోడుకోదన్న సంగతి ఇక్కడా వర్తిస్తుంది. తడి ఆరకుండా గంట రెండు గంటల్లో తెచ్చి పెట్టాలి. రోజూ కొత్త చేపలు వచ్చే దుకాణపు తొట్టి స్పాంజిలో తెల్లమచ్చ రోగం కూడా వెంట రావచ్చు కాబట్టి, తెలిసినవాళ్లింటిదే మేలు. సీసా బాక్టీరియాలో మంచివి లేకపోలేదు. కానీ ఇవి బీజాలుగా మారి నిద్రపోయే జాతి కాదు. ఎండల్లో లారీల్లో తిరిగి, నెలలు అల్మారాలో నిలిచిన సీసాలో ఎన్ని మిగులుతాయో చెప్పలేం. లేబుల్ మీద బాసిల్లస్ అని ఉంటే అది కుళ్లు తినే రకం, మన పనికి కాదు. ఇక నీలి మందు. మెథిలిన్ బ్లూ బూజు రోగాలకు మందే. అదే మందు ఈ జీవుల్నీ అణచేస్తుంది. ష్లేసింగ్ గొట్టంలో క్లోరోఫాం చేసిన పనినే కొత్త తొట్టిలో అది చేస్తుంది. కొత్త తొట్టికి దాన్ని ముందుజాగ్రత్తగా వాడటం తప్పని గట్టిగా చెబుతున్నాను.

మొక్కల దారి వేరు. వేగంగా పెరిగే మొక్కలు అమ్మోనియాను నేరుగా తీసుకుంటాయి. 1999లో డయానా వాల్‌స్టడ్ రాసిన పుస్తకం తర్వాత మట్టి, దట్టమైన మొక్కలు, కొద్ది చేపలు అనే పద్ధతికి ప్రపంచమంతా అనుచరులు వచ్చారు. అక్కడ చూడవలసింది కొత్త ఆకు. కొన్న ఆకులు రాలిపోయి, తొట్టిలో పుట్టిన ఆకులు నిలబడి పెరుగుతుంటే ఆ తొట్టి పనిలో పడినట్టే. అయినా కిట్‌తో చూసుకోకుండా వదలమని నేను చెప్పను.

నీళ్లు సిద్ధం కావడమన్న మాట తెలుగు నేల మీద బాగా తెలిసినవాళ్లు కైకలూరు, భీమవరం వైపు చేపలు, రొయ్యల రైతులు. సున్నం చల్లి, ఎరువు వేసి, నీళ్లు రంగు కట్టేదాకా ఆగి సీడు వదులుతారు. అమ్మోనియా, నైట్రైట్ పరీక్షకు ఆక్వా ల్యాబుకు నీళ్లు పంపడం అక్కడ మామూలు పని. ఎండలో పచ్చగా పెరిగే ప్లాంక్టన్ వాళ్ల చెరువుకు బలం. ఇంట్లోని తొట్టికి ఆ పచ్చదనం అక్కర్లేదు, స్పాంజిలోని గోధుమ జిగురే బలం. చెరువు చూపు తొట్టికి పనికిరాదు గానీ, వాళ్ల లెక్క ఒకటి పనికొస్తుంది. మూడోవంతు మాంసకృత్తులున్న మేత కిలో వేస్తే సుమారు 30 గ్రాముల అమ్మోనియా నత్రజని పుడుతుంది. దీన్ని మన 50 లీటర్లకు దించితే, 2 మిల్లీగ్రాముల పరీక్ష నెగ్గిన తొట్టి రోజుకు రెండున్నర గ్రాముల మేత బరువును మోయగలదు. పది పన్నెండు గప్పీలు అందులో పదోవంతు కూడా తినవు. గప్పీలతో మొదలుపెట్టేవాళ్లు 1 మిల్లీగ్రాము పరీక్షతో సరిపెట్టుకున్నా చాలు. బంగారు చేపలైతే చాలదు, అసలు వాటికి రెండడుగుల తొట్టే చాలదు.

పరీక్ష నెగ్గాక మూడువంతుల నీళ్లు మార్చి, ఒకటి రెండు రోజుల్లోపే చేపల్ని తేవాలి. తిండి లేకపోతే ఆ జీవులు నీరసిస్తాయి. ఇప్పటికే చేపల్ని వదిలేసినవాళ్లు కంగారుపడి తొట్టి మొత్తం కడిగేయకండి. మేత రోజు విడిచి రోజు చిటికెడు చేయండి, కిట్‌లో అమ్మోనియా గానీ, నైట్రైట్ గానీ కనబడిన ప్రతి రోజూ క్లోరిన్ పోయిన నీళ్లతో మూడోవంతు మార్చండి. నైట్రైట్ ఉన్నప్పుడు కొద్దిగా ఉప్పు వేస్తే అందులోని క్లోరైడ్ దాన్ని మొప్పల్లోకి వెళ్లకుండా చాలావరకు అడ్డుకుంటుంది. ఉప్పు సలహా ఆ మేరకు నిజమే.

జహీరాబాద్‌లో అక్వేరియాలు అమ్మే మిత్రులకు ఒక విన్నపం. తొట్టి అమ్మిన రోజే చేపల్ని అమ్మకండి. అమ్మోనియా, నైట్రైట్ కిట్ ఒకటి దుకాణంలో తెరిచి ఉంచండి, సీసాలో నీళ్లు పట్టుకొచ్చినవాళ్లకు పరీక్షించి చెప్పండి. కొనేవాళ్లు మొదట కిట్ కొనండి, తర్వాత హీటర్, ఆ తర్వాతే చేపలు.